నాలుగు లెక్కపెట్టే వరకు

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. సంఘ పెద్దలలో ఒకరు రొట్టె ముక్కల పళ్ళెం, ఇంకొకరు ద్రాక్షరసం గ్లాసుల ట్రే పట్టుకుని ముందు వరస నుంచి వెనక్కి వస్తారు. పదకొండేళ్ళు ఆ పళ్ళెం నా ముందు ఆగలేదు. మగవాళ్ళ వైపు చివరి బెంచీలో గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. నడవకు అవతల, ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో నా భార్య. ఆమెను ఎవరూ ఆపలేదు. పళ్ళెం ఆమె ముందు ప్రతిసారీ ఆగేది. ఆమే ముట్టుకోకుండా పక్కకు పంపేది.

"నీ నోటికి లేనిది నాకెందుకయ్యా?" అని మొదటి నెలలో ఒక్కసారి అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నన్ను బల్ల నుంచి ఆపింది సినిమా తీసినందుకని ఊళ్ళో అనుకుంటారు. సరిగ్గా చెప్పాలంటే టెంకాయ కొట్టినందుకు.

మా నాయన చిత్తూరు చుట్టుపక్కల పల్లె సంఘాలకు ఉపదేశి. సైకిలు మీద ఆదివారం మూడు ఊళ్ళు తిరిగి బైబిలు వాక్యం చెప్పేవాడు. ఇంట్లో మాకు రోజుకొక అధ్యాయం. అప్పజెప్పందే సంగటి పెట్టేవాడు కాదు. ఆ చదువు నాకు ఇప్పటికీ ఎముకల్లో ఉంది. ఏ మాట ఎక్కడుందో పుట తిప్పకుండా చెప్పగలను. అదొక్కటే నాకు పిత్రార్జితం.

మా ఊరికి మైలు దూరంలో ఏటా ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు వీధినాటకం ఆడేవాళ్ళు. చివరి రోజు ఆట పట్టపగలే, పొలంలో. మట్టితో పెద్ద రాజు బొమ్మ చేసి పడుకోబెడతారు. చచ్చిపోయిన కొడుకుల కోసం ఒక తల్లి ఏడ్చే ఘట్టం ఉంటుంది. ఆ ఆడవేషం కట్టినాయన మామూలు రోజుల్లో చెరకు నరికే రైతు. ఇంటరు చదివే రోజుల్లో నేను నాయనకు తెలియకుండా పోయి ఆ ఘట్టం చూశాను. ఆయన ఏడవలేదు. పాట మొదలుపెట్టి, ఒక మాట సగంలో తుంచి, జనానికి వీపు తిప్పాడు. ఊపిరి బిగబట్టాడు. కొంగు కళ్ళకు కాదు, నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అంతే. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఆ నిశ్శబ్దం ఎంతసేపని నేను మనసులో లెక్కపెట్టాను. నాలుగు.

విగ్రహాల ఆటకు పోయినానని నాయన చింతబరికెతో కొట్టాడు. దెబ్బలు పడుతున్నంతసేపూ నేను ఆలోచించింది పాపం గురించి కాదు. మూడయితే చాలదు, అయిదయితే ఎక్కువవుతుంది అని.

ఇరవై రెండేళ్ళప్పుడు మా సంఘంలో శుభ శుక్రవారానికి మొదటి నాటకం వేయించాను. ప్రభువును ఎరుగనని మూడుసార్లు చెప్పి, కోడి కూశాక ఏడ్చిన శిష్యుడి వేషం నా ఈడువాడొకడికి ఇచ్చాను. వాడికి ఏడుపు రాదు. రిహార్సలుకు కళ్ళ కింద తలనొప్పి మందు పూసుకుని వచ్చాడు. కళ్ళు ఎర్రగా వాచి, తుమ్ముతూ నిలబడ్డాడు.

"ఏందప్పా ఇది? శిష్యుడు ఏడస్తా ఉండాడా, మిరపకాయలు దంచతా ఉండాడా?" అన్నాను.

"నాకు రాదబ్బా. మా అవ్వ పోయినప్పుడే రాలేదు."

"ఏడవద్దు. గోడ దిక్కు తిరుగు. మాట సగంలో ఆపు. ఊపిరి పట్టి నాలుగు లెక్కపెట్టు. కండువా నోటికి అడ్డం పెట్టుకో. మిగతాది వాళ్ళే ఏడుస్తారు."

వాడు కంగారులో రెండుకే తిరిగేసేవాడు. అందుకని దుప్పటి తెర వెనక మాటలందించే అమ్మాయికి ఆ పని అప్పగించాను. ఆమె ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం నేర్పేది. తెర పక్క నుంచి చెయ్యి బయటపెట్టి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచేది. నాలుగో వేలు ముడిస్తే వాడు మాట అందుకోవాలి. ఆ శుక్రవారం మా పాస్టరు అయ్యగారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మరుసటి ఏడు ఆ అమ్మాయితో నా పెళ్ళయింది.

ఆ తర్వాత పదేళ్ళు తిరుపతిలో నాటకాలు. ఒక ప్రైవేటు ఆఫీసులో గుమాస్తా పని, సాయంత్రాలు కాలేజీ పిల్లలతో రిహార్సళ్ళు, పరిషత్తు పోటీలకు కడప, కర్నూలు, ప్రొద్దుటూరు. ఉత్తమ దర్శకుడి షీల్డులు వచ్చాయి. వాటిని నా భార్య బియ్యం డబ్బా మీద వరసగా పెట్టేది. నాయన ఒక్క నాటకం చూడలేదు. "దేవుడిచ్చిన నోరు అబద్ధాలాడేదానికి వాడతా ఉండావు" అని మాత్రం అన్నాడు. అప్పుడు నవ్వాను.

ముప్పై రెండేళ్ళకు మదరాసు పోయాను, అక్కడి నుంచి హైదరాబాదు. పదహారేళ్ళు పక్క దర్శకుడినే. అసిస్టెంటు, అసోసియేటు, కో-డైరెక్టరు. ఇతరుల సినిమాల్లో జనం ఏడ్చిన చోట్లు చాలావరకు నేను కూర్చినవి. తెర మీద నా పేరు వచ్చే సమయానికి జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. నా భార్య చిత్తూరులో టీచరు ఉద్యోగం చేసుకుంటూ ఇల్లు నడిపింది. ఆమె వంటింట్లో నిలబడి తిన్న అన్నం మీద నేను దర్శకుణ్ణి కావాలని కలగన్నాను.

సినిమావాళ్ళకు ముహూర్తం ఉంటుంది. కెమెరాకు పూజ, కర్పూరం, టెంకాయ. ఆ పదహారేళ్ళలో ప్రతి ముహూర్తానికీ నేను లైట్ల వెనక ఏదో ఒక వైరు సర్దుతూ ఉండేవాణ్ణి. అసిస్టెంటు టెంకాయ కొట్టకపోతే అడిగేవాడు లేడు. దర్శకుడు కొట్టకపోతే సినిమా మొదలుకాదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. నా రోజు వచ్చినప్పుడు చూసుకుందాం అనుకున్నాను.

నలభై ఎనిమిదేళ్ళకు ఆ రోజు వచ్చింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే ఒక ఆడమనిషి కథ. పెట్టుబడి పెట్టినాయన చిత్తూరు మామిడి వ్యాపారి. కాణిపాకం దారిలో ఉన్న వాళ్ళ మండీలోనే ముహూర్తం పెట్టాడు. కాయల వాసన, ఈగలు, గోనెపట్టల మీద కెమెరా. నేను అలవాటు ప్రకారం వైరు దగ్గరికి పోబోతే వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. ముసలామె. నా నుదుట కుంకుమ పెట్టి, టెంకాయ చేతిలో పెట్టింది.

"యాడికి పోతావు నాయనా? బిడ్డ నీది. నీ చేత్తోనే కొట్టల్ల."

ఆమె ముఖంలో ప్రేమ తప్ప ఏమీ లేదు. చుట్టూ యాభైమంది నా చేతి వైపే చూస్తున్నారు. కొట్టాను. ఒక్క దెబ్బకే రెండు సమానమైన చిప్పలుగా పగిలింది. అందరూ మంచి శకునమన్నారు. ఎవరో ఫోటో తీశారు.

ఆ ఫోటో ఆదివారానికి సంఘంలో అందరి ఫోన్లలో ఉంది. ఆరాధన అయ్యాక అయ్యగారి గదిలో కూర్చోబెట్టారు. ఫోన్లో ఆ ఫోటో తెరిచి నా ముందు పెట్టినవాడు ఎవరో కాదు, ఒకప్పుడు తలనొప్పి మందు పూసుకుని వచ్చిన ఆ శిష్యుడే. అప్పటికి సంఘ పెద్ద. షామియానాలు, కుర్చీలు, మైకులు అద్దెకిచ్చే వ్యాపారం.

నేను వాక్యంతోనే జవాబు చెప్పాను. సిరియా సేనాపతి కుష్ఠు పోయాక ఏం అడిగాడు? నా రాజు తన గుడిలో మొక్కేటప్పుడు నా చెయ్యి ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, క్షమించమన్నాడు. ప్రవక్త కోప్పడ్డాడా? సమాధానంగా పొమ్మన్నాడు. నాదీ అంతే, చెయ్యి వంగింది గాని మనసు వంగలేదు అన్నాను.

"ఆ సేనాపతి ఆపొద్దే నమ్ముకున్నోడప్పా," అన్నాడు సంఘ పెద్ద. "నువ్వు ఉపదేశి కొడుకువి."

అయ్యగారు తలూపారు. ఆ మాటకు నా దగ్గర వాక్యం లేదు. ఉన్నదొక్కటే, అనకూడనిది.

"వినాయక చవితికి ఊరంతా పందిళ్ళు నీవే కదా. వాటి కింద పగిలే టెంకాయల సంగతేంది?"

"అది యాపారం," అన్నాడు.

నాదీ వ్యాపారమే అనబోయి ఆగాను. నాది వ్యాపారం కాదు. అక్కడే చిక్కు.

సినిమా తిరుపతిలో ఒక థియేటరులో నాలుగు రోజులు ఆడింది. నాలుగో రోజు నేనూ నా భార్యా పోయి చూశాము. హాల్లో మాతో కలిపి పదిమంది లేరు. వాళ్ళలో ఇద్దరు నిద్రపోతున్నారు. ఎండకు చల్లగా ఉంటుందని వచ్చినవాళ్ళు. మామిడి వ్యాపారి మళ్ళీ ఫోను ఎత్తలేదు. ఇండస్ట్రీలో ఎవరూ ఎత్తలేదు. చిత్తూరు వచ్చేశాను. అప్పటి నుంచి బడుల వార్షికోత్సవాలకు డాన్సులు వరస పెట్టడం, పెళ్ళి వీడియోలు. డిసెంబరు వస్తే మాత్రం సంఘం నుంచి కబురొచ్చేది. పిల్లల క్రిస్మస్ నాటకం నేర్పించాలి. పేరు మాత్రం చెప్పరు. స్టేజీ ఎక్కకూడదు. "వెనకాల ఉండి సూసుకో అప్పా, చాలు" అనేవాడు సంఘ పెద్ద. పదహారేళ్ళు వెనకాల ఉండి చూసుకున్నవాడికి అదేం కొత్త కాదు. సంఘానికి నా చేతులు పనికొచ్చేవి. బల్ల దగ్గరే అవి అపవిత్రం.

రెండేళ్ళ కింద నా భార్యకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు తిరుపతి పోయి మిషను మీద పడుకోవాలి. తెల్లవారి బస్సులో పోతాము, పొద్దుగూకే లోపు వస్తాము. ఒకరోజు తిరిగి వస్తుండగా, చంద్రగిరి కోట కొండ కిటికీలో కనబడుతున్నప్పుడు, ఆమె కళ్ళు మూసుకునే అంది.

"ఒక్కతూరి ఇద్దరం కలిసి బల్లలో తినాలయ్యా. నేను పొయ్యేలోపల."

"నువ్వు తినొచ్చు కదమే. నిన్నెవరాపినారు?"

"ఇద్దరం అన్నాను."

ఆమె నన్ను ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదలు. బియ్యం డబ్బా మీద షీల్డులు పేర్చిన మనిషి, పదహారేళ్ళు ఒంటరిగా బడిపిల్లల పలకలు దిద్దిన మనిషి, నాలుగు రోజుల సినిమాకు పక్కన కూర్చున్న మనిషి, అడిగింది ఒక రొట్టె ముక్క.

అయ్యగారు మారి కొత్తగా ఒక యువకుడు వచ్చి ఉన్నాడు. ఆయన దగ్గరికి పోయాను. మంచివాడు. సంఘం ముందు నిలబడి ఒప్పుకుంటే చాలు, అదే ఆదివారం బల్లలో చేర్చుకుంటామన్నాడు. ఏం చెప్పాలో సంఘ పెద్ద కాగితం మీద రాసి పంపించాడు. సినిమా అనే పాపపు పనిలో బ్రతుకు పాడుచేసుకున్నాను, విగ్రహానికి మొక్కాను, పశ్చాత్తాపపడుతున్నాను అని. మూడు వాక్యాలు. వాటిలో ఒక్కటీ నాది కాదు. నేను మొక్కలేదు. నా పనిని పాపమని నేను ఏనాడూ నమ్మలేదు. దేవుడు నాకిచ్చింది అదొక్కటే అని నమ్మాను. అబద్ధం చెప్పి ఆయన బల్ల దగ్గరికి పోయేవాడు శిక్షను తిని తాగుతాడని నాకు చిన్నప్పుడే అప్పజెప్పించారు. అదీ తెలుసు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఊరికే చదివేసి కూర్చుందాం అనుకున్నాను. చదవడం వేరు, చెప్పడం వేరు అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

ఆ ఆదివారం ముందుకు పోయి నిలబడ్డాను. కాగితం తీశాను. మొదటి వాక్యం చదివాను. ఎవరో దగ్గారు, ఒక పసిబిడ్డ ఏడ్చింది, వెనక కుర్చీ జరిపారు. రెండో వాక్యం దగ్గర మందిరం నిశ్శబ్దమయింది.

ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. హాలు మన చేతికి వచ్చే నిశ్శబ్దం. పదకొండేళ్ళుగా నాకు దొరకనిది. కాగితం మడిచాను. "మా నాయన..." అని మొదలుపెట్టి, ఆ మాట సగంలో తుంచాను. బలిపీఠం గోడ వైపు తిరిగాను. ఊపిరి బిగబట్టాను. జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ముందు వరసలో ఒకామె వెక్కింది. తర్వాత రెండో వరస. వీపుతోనే నాకు తెలుస్తోంది. ఆడవాళ్ళ వైపు మొత్తం నాతో ఉంది, మగవాళ్ళ వైపు ఇంకా కొంచెం రావాలి. నేను దేవుడి ముందు నిలబడి చేస్తున్న లెక్క అది. దాచను, ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. ఒప్పుకోలు సంతోషం కాదు. ఆట పండిన సంతోషం.

మాట అందుకోవడానికి తిరిగినప్పుడు నా చూపు చివరి బెంచీ మీద పడింది. నా భార్య కుడిచెయ్యి ఒడిలోంచి కొంచెం పైకి లేచి ఉంది. నాలుగు వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. నాలుగోది అప్పుడే ముడుచుకుంది. ఆమె అనుకుని చేసింది కాదు, చెయ్యి దానంతట అదే చేసింది. ఆమె తన చేతిని చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

మిగతా మాటలు చెప్పాను. బాగా చెప్పాను. యువకుడైన అయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ కుడిచెయ్యి కలిపి, నన్ను మొదటి వరసలో కూర్చోబెట్టారు. పళ్ళెం మొదట నా దగ్గరికే వచ్చింది. పట్టుకున్నది సంఘ పెద్ద. ముక్క తీసుకున్నాను. నోట్లో పెట్టుకున్నాను. పదకొండేళ్ళ తర్వాత దాని రుచి మామూలు రొట్టె రుచి. వెనక్కి తిరిగి, పళ్ళెం వరస వరస దాటి పోవడం చూస్తూ కూర్చున్నాను. చివరి బెంచీ దగ్గర ఆగింది. ఆమె రెండు చేతులతో పళ్ళెం అందుకుంది. ఒక్క క్షణం దానిలోకి చూసింది. తర్వాత ముట్టుకోకుండా పక్కామెకు ఇచ్చేసింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే సంఘ పెద్ద భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊపిరి భలే పట్టినావప్పా. నాకు నేర్పించిందే కదా? గోడ దిక్కు తిరగ్గానే నాకు ఎలిగింది."

"తెలిసీ పళ్ళెం ఎట్లా ఇచ్చినావు?"

"జనం ఏడిసినారు కదా. ఇంకేం గావల్ల? ఈతూరి శుభ శుక్రవారం నాటకం నువ్వే సెయ్యి. పేరు కూడా మైకులో సెప్పిస్తా."

నవ్వుతూ పోయాడు. వాడికి నా మీద కోపం లేదు. ఎప్పుడూ ఉన్నట్టు లేదు.

మంగళవారం తిరుపతి బస్సులో నేనూ నా భార్యా చంద్రగిరి దాటాము. నేనే అడిగాను.

"ఎందుకు తినలేదు?"

"మీ నాయన పోయినప్పుడు నువ్వు ఏడిసింది సూసినా నేను," అంది. "ముక్కు కారతా ఉండింది. తుడుసుకోలా. గోడ దిక్కు తిరగలా. ఎవరు సూస్తా ఉండారో కూడా తెల్దు నీకు."

"నీ కోసమే చేసినా."

"నాకోసం చేస్తే నాకు తెలీకుండా చెయ్యల్ల. నా చేత లెక్కపెట్టించినావు."

"సరే. వచ్చే ఆదివారం అయ్యగారికి నిజం చెప్పేస్తాను. ఒప్పుకున్నదంతా నటన అని అందరి ముందే చెప్తాను."

ఆమె కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది. కోపం లేదు. అలిసిపోయిన ముఖం.

"వద్దులేయ్యా. అదీ బాగా చెప్తావు నువ్వు."

నాయన చెప్పిన మాట ఆ బస్సులో తగిలింది, ముప్పై ఏళ్ళు ఆలస్యంగా. నేను అబద్ధాలాడేవాణ్ణి కాదు. అంతకంటే చెడ్డది. నా నోట్లో ఇప్పుడు నిజం కూడా నిజంలా నిలవదు. టెంకాయ కొట్టిన చేతిని దేవుడు క్షమించి ఉంటాడు, ఆ ముసలామె ముఖం చూసైనా. ఆ గోడ వైపు తిరిగిన వీపును ఏం చేస్తాడో నాకు తెలియదు.

మరుసటి నెల మొదటి ఆదివారం. మొదటి వరసలో నా కోసం చోటు ఉంచారు. నేను పోలేదు. పాత చోటికే పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాను. పళ్ళెం వచ్చింది. ఈసారి నా ముందు ఆగింది. నేను తీసుకోలేదు. రెండు చేతులతో అందుకుని, ఒక్క క్షణం చూసి, పక్కాయనకు ఇచ్చాను. ఆ తర్వాత వెంటనే తల తిప్పి నడవ అవతలికి చూశాను.

ఆమె చూసిందా లేదా అని.

ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంది. చూడలేదు. నా చేతుల వైపు చూసుకున్నాను. పళ్ళెం ఎట్లా పట్టుకున్నానో, ఎంతసేపు ఆగానో గుర్తు చేసుకున్నాను. నాలుగు.